రెండు రైళ్ల మధ్య ఊరు చూడాలంటే క్లోక్ రూమ్

నెలకు రెండుసార్లయినా రైలెక్కకపోతే నాకు తోచదు. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా ఈ మాట చెబుతుంటాను, మీకూ చెబుతున్నాను.

పొద్దున దిగి సాయంత్రం ఇంకో రైలు ఎక్కాల్సి వస్తే సామాను కోసం లాడ్జి తీసుకోకండి, ప్లాట్‌ఫారం మీద కాపలా కూడా కూర్చోకండి. విజయవాడ లాంటి పెద్ద స్టేషన్లలో క్లోక్ రూమ్ ఉంటుంది. టికెట్ చూపించి బ్యాగులు అక్కడ పెట్టేయొచ్చు. రోజుకింత అని లగేజీకి తీసుకునే అద్దె లాడ్జి ఖర్చు ముందు చాలా తక్కువ.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. తాళం వేయని బ్యాగు తీసుకోరు. జిప్పుకు పట్టే చిన్న తాళం ఇంటి దగ్గరే సర్దుకోండి. ఓసారి తాళం లేక, స్టేషన్ బయట దుకాణాలు తెరిచేదాకా గంటన్నర నిలబడ్డాను. ఆ గంటన్నరలో దుర్గమ్మ దర్శనానికి బయల్దేరేదాన్ని కదా అని ఇప్పటికీ బాధే. నగలు, డబ్బు, మందులు మీ దగ్గరే ఉంచుకోండి. పాడయ్యే తినుబండారాలు అందులో పెట్టకండి. రసీదును వెంటనే ఫోన్లో ఫొటో తీసుకోండి, కానీ అసలు కాగితం భద్రం. అది పోతే సామాను తిరిగి తీసుకోవడం పెద్ద టెన్షన్.

చేతులు ఖాళీ అయితే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా హాయిగా వెళ్లి రావచ్చు. ఒకే రాతి కొండను తొలిచిన ఆ అంతస్తులు, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం తీరిగ్గా చూడాల్సినవి. తిరుగు రైలుకు గంట ముందే స్టేషన్ చేరుకోండి, కౌంటర్ దగ్గర క్యూ ఉండొచ్చు.