రాన్సమ్‌వేర్ నుంచి కొట్టు లెక్కలు కాపాడుకుందాం – 4వ పాఠం: వైరు పీకిన బ్యాకప్

పోయిన పాఠంలో పాస్‌వర్డ్‌ల సంగతి చూశాం. ఈసారి బ్యాకప్, అంటే లెక్కలకు తీసి దాచుకునే నకలు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రామే రాన్సమ్‌వేర్, దాని నుంచి కాపాడేది ఇదే. మొత్తం పాఠాల్లో ఏదో ఒక్కటే చదివే తీరిక ఉందంటే, నేను ఇదే చదవమంటాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు. సీజన్ జోరు మీదుంది. గుమస్తా పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థం కాని అక్షరాలు. డెస్క్‌టాప్ మీద ఒక నోటు: డబ్బు కడితేనే తాళం తీస్తామని. నాకు ఫోన్ చేసినప్పుడు ఓనరు గారు ధైర్యంగానే ఉన్నారు, "బ్యాకప్ ఉందండీ" అన్నారు. వెళ్లి చూస్తే ఆ హార్డ్ డిస్క్ సీపీయూ వెనక గుచ్చే ఉంది. రెండేళ్లుగా తీయలేదట. అందులో ఫైళ్లకూ అవే తోకలు. బయట రైతులు తక్‌పట్టీల (సరుకు అమ్మిన లెక్క చీటీల) కోసం నిలబడి ఉన్నారు. ఆ పూట ఆయన మొహం నేను మర్చిపోలేను.

ఎందుకిలా అయింది? మీరు ఏ ఫైలును మార్చగలరో, మీ కంప్యూటర్‌లో దూరిన రాన్సమ్‌వేర్ కూడా దాన్ని మార్చగలదు. డి డ్రైవ్, గుచ్చి ఉన్న పెన్ డ్రైవ్, లాన్‌లో (కొట్టులోని కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్‌లో) షేర్ చేసిన పక్క కంప్యూటర్ ఫోల్డరు, కనిపించిన వాటన్నిటికీ తాళం వేసుకుంటూ పోతుంది. గూగుల్ డ్రైవ్‌తో సింక్ అయ్యే ఫోల్డరయితే తాళం పడిన ఫైలే ఆ డ్రైవ్‌లోకీ వెళ్తుంది.

చిన్న కొట్ల గొడవే కాదిది. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాలకు పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా కొన్నిటిని పట్టుకుంది. దానికి మందు లాంటి విండోస్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది! 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోతే రోజుల తరబడి పని చేత్తో రాసుకుంటూ నడిపారు.

ఇక పనిలోకి దిగుదాం. రెండు హార్డ్ డిస్క్‌లు కొనండి. మార్కర్‌తో 1, 2 అని రాయండి. సరి తేదీల్లో రెండోది, బేసి తేదీల్లో మొదటిది. వాడని డిస్క్ ఇంట్లో బీరువాలో ఉండాలి, కొట్టులో కాదు. సాయంత్రం చివరి బిల్లు కొట్టాక డిస్క్ గుచ్చండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కి బ్యాకప్ ఎంచుకోండి. అయిపోగానే ఎజెక్ట్ చేసి వైరు పీకేయండి. ఈ పీకడమే అసలు పాఠం. "రేపు మళ్లీ గుచ్చాలిగా" అని వదిలేస్తే ఆ కొట్టు కథే మీదీ అవుతుంది.

బ్యాకప్ తీసిన చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడరు. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేయండి, అంటే బ్యాకప్‌లోంచి లెక్కలు మళ్లీ బయటికి తీయండి. వేరే యంత్రం లేకపోతే కొత్త ఖాళీ ఫోల్డరులోకి చేయండి. పాత డేటా ఫోల్డరు ఎంచుకున్నారో, ఈరోజు లెక్కల మీద పాత లెక్కలు వచ్చి కూర్చుంటాయి, జాగ్రత్త.

ఒకవేళ దాడి జరిగితే ముందు లాన్ వైరు తీసేయండి, వైఫై ఆపండి. టెన్షన్‌లో బ్యాకప్ డిస్క్ మాత్రం ఆ కంప్యూటర్‌కు గుచ్చకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ వారం అభ్యాసం: ఈ రాత్రి బ్యాకప్ తీయండి, ఆదివారం రీస్టోర్ చేయండి. అందులో కనిపించిన చివరి బిల్లు నంబరు, ఎవరైనా ఒక రైతు ఖాతా నిల్వ కాగితం మీద రాసి, బిల్లు పుస్తకంతో సరిచూడండి. తేడా వస్తే ఆ కాగితం దాచండి. 5వ పాఠంలో ముందు దాని సంగతే చూద్దాం.