పెకాన్ కాయ పెద్దదే, లోపల పప్పేది?

"కాయలు విరగకాశాయి, పగలగొడితే అన్నీ తాలే. ఏ మందు కొట్టాలి?" అక్రోట్ కుటుంబానికి చెందిన పెకాన్ చెట్టు గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. మందు సంగతి తర్వాత. ఆగస్టులో చెట్టు మీది కాయ ఒక్కటైనా కోసి చూశారా? చూడరు. పైతొక్క విచ్చి కాయ నేల రాలాక, పెంకు పగలగొట్టి, అప్పుడు గుండెలు బాదుకుంటారు. అప్పటికి ఆ ఏటి పప్పు లెక్క ముగిసిపోయి ఉంటుంది.

నాటడం, ఎరువు వేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. గింజ నుంచి మొలిచిన చెట్టు ఐదేళ్లైనా కాయలేదని అడిగేవాళ్లు మాత్రం ఇంకా ఆగాలి. దానికి పదేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. తొందరున్నవాళ్లు అంటు మొక్క నాటాల్సింది.

పిందెలు రాలిపోతున్నాయి

కొన్ని రాలడం మామూలే. వేసవి మొదట్లోనే దాదాపు అన్నీ రాలితే పరాగసంపర్కం సరిగా జరగలేదేమో చూడాలి. పెకాన్‌కి మగపూత, ఆడపూత ఒకే చెట్టు మీద వస్తాయి గానీ ఒకే సమయానికి రావు. పానీ, డిజైరబుల్ రకాల్లో పుప్పొడి ముందు రాలుతుంది. విచిటా, స్టూవర్ట్ రకాల్లో ఆడపూత ముందు సిద్ధమవుతుంది. పుప్పొడిని మోసేది గాలే కాబట్టి చుట్టుపక్కల మీ చెట్టుది కాని కోవకు చెందిన చెట్టు ఉండాలి. ఒకే రకానివి రెండు నాటుకుని "జత ఉందిగా" అంటే కుదరదు.

ఆకులు చిన్నవై, కొమ్మ చివర గుత్తిలా ముడుచుకున్నాయి

జింక్ లోపం. క్షారం ఎక్కువున్న నేలలో చెట్టు మొదలు దగ్గర పోసిన జింక్ చెట్టుకు పెద్దగా అందదు. వసంతంలో ఆకులు లేతగా ఉన్నప్పుడే, డబ్బా మీద రాసిన మోతాదులో జింక్ సల్ఫేట్ పిచికారీ చేయాలి.

కాయ నిండుగా ఉంది, పప్పు ఎండి ముడతలు పడింది, లేదా లేనే లేదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అదీ రెండేళ్లు వరుసగా.

మొదటి ఏడు వసంతంలో వానల్లేవు. కాయలు చిన్నగా వచ్చాయి, నలుగురికి చూపించడానికే సిగ్గేసింది. పగలగొడితే పెంకుకి ఆనుకుని, ఒత్తుగా, బంగారు రంగులో పప్పు. రెండో ఏడు వసంతంలో వానలు దండిగా పడ్డాయి. కాయలు బొటనవేలంత ఊరాయి. మురిసిపోయి బుట్టలకు బుట్టలు ఏరాను. పగలగొడితే చాలావాటిలో కాగితంలాంటి గోధుమరంగు పొర తప్ప ఏమీ లేదు. పురుగనుకున్నాను, జింక్ అనుకున్నాను, రకమే మంచిది కాదేమో అనుకున్నాను. ఒకటీ కాదు.

పెకాన్ కాయ రెండు విడతల్లో తయారవుతుంది. వసంతం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా కాయ సైజు పెరుగుతుంది. ఆ తర్వాత పెంకు గట్టిపడుతుంది, ఇక సైజు మారదు. పప్పు నిండడం ఊపందుకునేది అక్కడి నుంచి, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో. మొదటి విడతలో నీళ్లు దండిగా ఉంటే పెంకు పెద్దదవుతుంది. ఆ పెద్ద పెంకుని నింపడానికి పప్పూ ఎక్కువే కావాలి. సరిగ్గా అప్పుడే నేల ఎండిందంటే, వరి పాలుపోసుకునే వేళ నీళ్లు ఆపేసినట్టే. పైకి మాత్రం కాయ దివ్యంగా కనిపిస్తుంది. అందుకే ఎవరూ పట్టుకోలేరు.

ఆగస్టు మొదట్లో ఒక కాయను కత్తితో అడ్డంగా కోయండి. లోపల నీళ్లుంటాయి, కంగారు పడక్కర్లేదు. వారం పది రోజులాగి ఇంకోటి కోయండి. లోపలి గోడలకు జిగురులాంటి పొర, ఆ తర్వాత తెల్లటి ముద్ద కనిపించాలి. పొర పలచగానే ఉండిపోతే వెంటనే నేల చూడండి.

"రోజూ నీళ్లు పెడుతూనే ఉన్నానండీ" అంటారు. నేనూ అదే అన్నాను. పచ్చికకు స్ప్రింక్లర్ రోజూ తిరిగేది, చెట్టు కిందంతా తడిగానే కనిపించేది. ఒకరోజు ఇనుప చువ్వ తీసుకుని నేలలో గుచ్చాను. నాలుగు వేళ్ల లోతుకి దిగి ఆగిపోయింది. పైన తడి, కింద రాయి! పైనున్న ఆ నీళ్లన్నీ గడ్డే తాగేస్తోంది. ఇప్పటికీ ఎవరి చెట్టు చూడటానికి వెళ్లినా ముందు ఆ చువ్వే తీస్తాను.

పరిష్కారం: రోజూ కాస్త చల్లడం మానేసి, వారానికి ఒకటి రెండుసార్లు నిదానంగా, లోతుగా దిగేలా తడి ఇవ్వండి. కాపు మీదున్న పెద్ద చెట్టుకి వానతో కలుపుకుని వారానికి 25 నుంచి 50 మిల్లీమీటర్లు కావాలి. కొమ్మల కింద ఖాళీ డబ్బా పెడితే ఎంత పడిందో తెలుస్తుంది. చెట్టు మొదలు దగ్గర గొట్టం పడేసి వెళ్లిపోవద్దు, నీళ్లు తాగే వేళ్లు కొమ్మల నీడ అంచు దాకా, అది దాటి కూడా ఉంటాయి. పైతొక్క విచ్చేదాకా తడి ఆపొద్దు. "కాయ తయారైపోయింది కదా" అని సెప్టెంబరులో ఆపేసేవాళ్లకు తాలు కాయతో పాటు విచ్చుకోని తొక్క కూడా దక్కుతుంది.

నీళ్లు సరిగ్గా ఉన్నా తాలు పడితే, చెట్టు మోయలేనంత కాసి ఉండొచ్చు. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొహం చాటేయడం దీని స్వభావం. స్కాబ్ అనే బూజు తెగులుతో ఆకులు ముందే రాలినా పప్పు నిండదు, వండిపెట్టే ఆకే లేకపోతే ఇంకేం నిండుతుంది! పెంకుకి గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే ముక్కు పురుగు. పప్పు మీద నల్ల మచ్చ, అక్కడ చేదు ఉంటే రసం పీల్చే నల్లి. ఆ మచ్చ గిల్లేసి తినండి.

పప్పు బాగుంది, తింటే బాగాలేదు

రబ్బరులా సాగుతోందా? ఆరలేదు. నీడలో, గాలి ఆడేచోట పలచగా పరిచి, పప్పు విరిస్తే 'టక్'మనేదాకా ఉంచండి. వగరుగా ఉంటే పప్పు గాడుల్లో ఇరుక్కున్న ఎర్రటి పొడి వల్ల, పుల్లతో గీకేయండి. కమురు వాసన వస్తే ఇక చేసేదేం లేదు, పారేయడమే. పప్పు బరువులో దాదాపు 70 శాతం నూనే, వేడి తగిలితే చెడిపోతుంది. ఒలిచిన పప్పుని గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెడితే రెండేళ్లు నిలుస్తుంది. ఉల్లిపాయల పక్కన మాత్రం పెట్టకండి, ఆ వాసనంతా పీల్చేసుకుంటుంది.