పాత లోన్ బాకీ పడ్డవాళ్లు సొసైటీలో ఖాతా తెరవాలంటే

లోన్ ఎగ్గొట్టినోడని పేరు పడితే ఇక పొదుపు ఖాతా కూడా ఇవ్వరనే భయం మన దగ్గర చాలామందిలో ఉంది. అది ఉత్త భయమే. పొదుపు ఖాతా తెరవడానికి సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కు) అక్కర్లేదు. ఖాతాలో వేసేవి మీ పైసలే కదా, బ్యాంకు మీకు అప్పేమీ ఇవ్వడం లేదు. ఆధార్, పాన్ కార్డు (పాన్ లేకుంటే, లేదని రాసిచ్చే డిక్లరేషన్ ఫారం), రెండు ఫొటోలు, పనిచేసే ఫోన్ నంబర్ ఉంటే చాలు. పాత బాకీ అడ్డం వచ్చేది మరో రెండు చోట్ల. ఒకటి సొసైటీలో సభ్యత్వం, రెండోది ఆ తర్వాత అడిగే అప్పు. ఖాతా, సభ్యత్వం, అప్పు వేర్వేరని తెలియకనే కౌంటర్ దగ్గర సగం గొడవలు అవుతాయి.

ఎవరికి బాకీ ఉన్నారు?

నల్లగొండ, పాలమూరు వైపు సొసైటీ అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. వడ్లు కొనేది, యూరియా అమ్మేది, పంట రుణం ఇచ్చేది ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. దానికి పైసలు ఇచ్చేది జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, అంటే డీసీసీబీ. నల్లగొండ డీసీసీబీ కిందికి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వస్తాయి. మహబూబ్‌నగర్ డీసీసీబీ కిందికి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట వస్తాయి. ఇవి కాక ఉద్యోగుల పొదుపు పరపతి సంఘాలు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టుకున్న ఊరి పొదుపు సంఘాలు, మహిళా సంఘాలు ఉన్నాయి.

ఊరి సొసైటీలో బాకీ ఉండి, ఎవరికీ తెలియదులే అని మండల కేంద్రంలోని డీసీసీబీ బ్రాంచికి అప్పు కోసం పోతే లాభం లేదు. ఆ రెండూ ఒకే ఇంట్లో రెండు అర్రల లాంటివి, ఒకరి లెక్క ఇంకొకరికి తెలుస్తుంది. బాకీ వేరే వాణిజ్య బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో ఉంటే మాత్రం సొసైటీలో ఖాతా తెరవడానికి అది అడ్డం కాదు.

బాకీ ఉన్న బ్యాంకులోనే కొత్తగా పైసలు వేస్తే ఒక చిక్కు ఉంది. మీ పేరు మీద ఉన్న డిపాజిట్‌ను మీరు కట్టాల్సిన బాకీకి జమ కట్టుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. వడ్లు అమ్మిన పైసలు ఖాతాలో పడ్డాయని మెసేజ్ వస్తుంది, తీయబోతే ‘హోల్డ్’ అంటుంది. కొనుగోలు కేంద్రంలో ఖాతా నంబర్ రాయించేటప్పుడే ఏది ఇస్తున్నారో చూసుకోవాలి. వడ్లు కాంటా అయ్యాక మార్చమంటే తిరుగుడే మిగులుతుంది. రైతు భరోసాకు ఇచ్చిన ఖాతా మార్చాలంటే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి పోవాలి. ఆధార్‌తో వచ్చే ఇతర సబ్సిడీలు ఏ ఖాతాకు ఆధార్ లింకు అయి ఉంటే దానిలో పడతాయి కాబట్టి, కొత్త ఖాతా తెరిచిన రోజే ఆధార్ లింకు ఫారం కూడా ఇవ్వండి.

సున్నా నిల్వతో నడిచే ప్రాథమిక పొదుపు ఖాతా కావాలని పేరు పెట్టి అడగండి. దానికి కనీస నిల్వ ఉండదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా తీసుకోవచ్చు. ఒక షరతు ఉంది, అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. అడగకుంటే మామూలు ఖాతా ఫారమే చేతిలో పెడతారు.

రిపోర్టు తెప్పించి చదవడం

సభ్యత్వం, అప్పు సంగతికి వచ్చే ముందు మీ క్రెడిట్ రిపోర్టు, అంటే ఏ అప్పు ఎలా కట్టారో చూపే లెక్క, చేతిలో ఉండాలి. దేశంలో ఈ లెక్కలు రాసే కంపెనీలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒకసారి ఒక్కో కంపెనీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అంటే ఏడాదికి నాలుగు రిపోర్టులు పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. మహిళా సంఘం, మైక్రోఫైనాన్స్ అప్పులు ఉన్నవాళ్లు సిబిల్ ఒక్కటి చూసి ఊరుకోవద్దు, క్రిఫ్ హైమార్క్ కూడా తీయాలి. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్రం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చాక ఊళ్లకు ఊళ్లే కిస్తీలు ఆపేశాయి. ఆ కాలంనాటి బాకీ ఇంకా ఎక్కడైనా మీ పేరు మీద నిలిచి ఉందేమో అక్కడే తేలుతుంది.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కానీ స్కోరు చూసి కుంగిపోయే ముందు లోపలి పేజీలు చదవాలి. ఒక్కో లోన్ కింద నెలనెలకు ఒక డబ్బా ఉంటుంది. దాంట్లో ‘000’ ఉంటే ఆ నెల కిస్తీ టైముకు కట్టినట్టు, ‘060’ అంటే 60 రోజులు ఆలస్యమైనట్టు. ‘ఎస్‌టీడీ’ అంటే లోన్ సక్రమంగా ఉంది. ‘ఎస్‌యూబీ’, ‘డీబీటీ’, ‘ఎల్‌ఎస్‌ఎస్’ అనేవి లోన్ మొండి బాకీల్లోకి జారిన మెట్లు, ఒకదానికంటే ఒకటి కింద. ‘ఎక్స్ఎక్స్ఎక్స్’ ఉంటే ఆ నెల బ్యాంకు లెక్క పంపలేదని అర్థం, అది మీ తప్పు కాదు.

ఆఖరున లోన్ స్థితి చూడండి. ‘క్లోజ్డ్’ అని ఉంటే మంచిదే. ‘సెటిల్డ్’ అని ఉంటే ఓటీఎస్‌లో (ఒకేసారి కట్టి తెంపుకునే ఒప్పందంలో) కొంత తగ్గించుకుని కట్టారని, అందుకే కొత్త అప్పు ఇచ్చేవాళ్లు వెనకాడతారు. ‘రిటన్ ఆఫ్’ అంటే బ్యాంకు తన లెక్కల్లో కొట్టేసింది. మీ బాకీ మాత్రం పోలేదు, వసూలు చేసే హక్కు వాళ్లకు అలాగే ఉంటుంది. ఈ ముక్క దగ్గర చాలామంది పొరబడతారు.

పంట రుణం లెక్క కొంచెం వేరు. మామూలు లోన్ 90 రోజులు దాటితే మొండి బాకీ అవుతుంది. వరి, పత్తి లాంటి ఏడాది లోపు పంటల రుణానికైతే గడువు దాటాక రెండు పంట కాలాలు చూస్తారు. బత్తాయి, మామిడి లాంటి దీర్ఘకాలిక పంటలకు ఒక్క పంట కాలమే. అది చూడకుండా 90 రోజులకే మొండి బాకీ రాసి ఉంటే అభ్యంతరం చెప్పొచ్చు.

2024 రుణమాఫీలో పేరు వచ్చినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య బాకీకి 2 లక్షల దాకా మాఫీ అన్నారు. మాఫీ సొమ్ము జమ అయిన నాటికి పైన ఇంకొంత మిత్తి లేచి ఉంటే, ఆ కొసరు బాకీగానే నిలుస్తుంది. 340 రూపాయల మిత్తి మిగిలినా రిపోర్టులో లోన్ ఓవర్‌డ్యూ అనే కనిపిస్తుంది. బ్రాంచికి పోయి లోన్ స్టేట్‌మెంట్ ప్రింటు తీయించి ఆఖరి వరుసలో సున్నా ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

తప్పు కనిపిస్తే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టాలి, నో డ్యూ సర్టిఫికెట్ కాపీ జతచేసి. 30 రోజుల్లో సరిచేయకుంటే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అప్పటికీ కదలకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, టోల్‌ఫ్రీ నంబర్ 14448. ఐదు వేలు ఇస్తే సిబిల్ సాఫ్ చేస్తామనే ఏజెంట్లు తిరుగుతుంటారు. నిజంగా ఉన్న బాకీని ఏ ఏజెంటూ తుడిచేయలేడు, తప్పుగా పడ్డదాన్ని మీరే ఉచితంగా తీయించుకోవచ్చు.

సభ్యత్వం

ఊరి వ్యవసాయ సొసైటీలో మామూలుగా ఆ సొసైటీ పరిధిలో భూమి ఉన్నవాళ్లు సభ్యులవుతారు. పట్టాదారు పాస్‌బుక్ కాపీ, ఆధార్, ఫొటోలు, దరఖాస్తు, ప్రవేశ రుసుము, వాటాధనం ఇస్తారు. దరఖాస్తు పాలకవర్గం ముందుకు పోతుంది, పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారి చూస్తారు. సొసైటీ ముఖ్య ఉద్యోగి (సీఈఓ) ఒక్కడే కౌంటర్‌లో కూర్చుని ‘నీకు రాదు’ అంటే అది తీర్మానం కాదు. దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కుదరదంటే కారణం రాసివ్వమనండి. ఆ కాగితం ఉంటేనే జిల్లా సహకార అధికారి దగ్గర మాట్లాడడానికి వీలవుతుంది.

అదే సొసైటీలో పాత సభ్యులై ఉండి బాకీ పడ్డవాళ్లకు కొత్త సభ్యత్వం పనిలేదు, పాతదే ఉంటుంది. బాకీదారుగా ఉన్నన్నాళ్లూ సొసైటీ ఎన్నికల్లో పోటీ చేయలేరు, కొత్త అప్పు రాదు. లోన్ ఇచ్చేటప్పుడు వాటాధనం కింద కోసుకున్న సొమ్ము మీ పేరు మీద ఎంత ఉందో లెడ్జర్‌లో అడగండి. చాలామందికి అది ఉన్నట్టే గుర్తుండదు.

సొంతంగా ఏ లోనూ తీసుకోకుండానే చిక్కుకునేవాళ్లు జామీనుదారులు. బావమరిది ట్రాక్టర్‌కో, పక్కింటాయన లోన్‌కో పెట్టిన సంతకం మీ రిపోర్టులో మీ పేరు కింద కనిపిస్తుంది. అది మీ బాకీ కాదని సొసైటీలో వాదించి లాభం లేదు. అసలు లోన్ ఎంత మిగిలిందో కనుక్కుని, ఆ మనిషితో కట్టించడమే దారి. భర్త బాకీ వల్ల భార్య రిపోర్టు చెడదు, ఆమె సహరుణగ్రహీతగానో జామీనుగానో సంతకం పెట్టి ఉంటే తప్ప.

మహిళా సంఘంలో ఉన్నవాళ్లకు రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. సంఘంలో ఒకరిద్దరికి వేరే బాకీ ఉందన్న సాకుతో సంఘం మొత్తానికి లోన్ ఆపకూడదు. సంఘం సక్రమంగా కడుతూ ఉంటే చాలు. స్తోమత ఉండీ కట్టనివాళ్లు కూడా సంఘం సొంత పొదుపు నుంచి అప్పు తీసుకోవచ్చు, బ్యాంకు ఇచ్చిన లోన్‌లో మాత్రం పాత బాకీ తీరేదాకా వాటా ఉండదు. నిజంగానే గతిలేక కట్టలేకపోయినవాళ్లను లోన్‌కు దూరం పెట్టకూడదు. బ్రాంచిలో ఈ తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టేస్తుంటే గ్రామ సంఘం, ఏపీఎం (మండలంలో మహిళా సంఘాల పని చూసే అధికారి) ద్వారా లేవనెత్తాలి.

మళ్లీ నమ్మకం తెచ్చుకోవడం

ఖాతా తెరిచిన నెలకే పెద్ద లోన్ అడిగితే కాదంటారు. అడిగిన ప్రతిసారీ రిపోర్టులో ఎంక్వైరీ పడుతుంది, నాలుగు చోట్ల అడిగితే ఇంకా చెడుతుంది. డిపాజిట్ మీద అప్పు తీసుకోవడం తేలికైన దారి. 20 వేలు ఏడాదికి ఫిక్స్‌డ్ వేసి, దానిమీద 10 వేలు తీసుకుని, నెలకు వెయ్యి చొప్పున అసలు, పైన మిత్తి పది నెలలు కట్టండి. సొసైటీకి నష్టభయం లేదు కాబట్టి స్కోరు పెద్దగా పట్టించుకోరు. తీసుకునే ముందు ఈ లోన్ లెక్క సిబిల్‌కు పోతుందా అని అడగండి. పోకుంటే ఆ సొసైటీలో మీ పేరు బాగుపడుతుంది గాని రిపోర్టులో ఏమీ మారదు. బంగారం లోన్ కూడా ఇలాగే పనికొస్తుంది, గడువు తేదీ ఒక్కటి దాటనివ్వకుంటే.

పంట రుణం మళ్లీ మొదలైతే గడువు తేదీ గోడమీద రాసి పెట్టుకోవాలి. 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం మిత్తి, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. 80 వేల మీద ఏడాదికి 3,200. గడువు దాటితే ఆ రాయితీ పోయి 5,600కు తక్కువ కాదు, గడువు దాటిన రోజు నుంచి బ్యాంకు మామూలు రేటు పడుతుంది.

పూణె, ముంబైకి పనికి పోయే పాలమూరు కుటుంబాలకు కిస్తీ తప్పడానికి పైసలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అక్కడ కొత్త సిమ్ వేసుకుంటారు, పాత నంబర్ రీఛార్జి లేక పోతుంది, నోటీసు తాళం వేసిన ఇంటికి వస్తుంది. పోయే ముందు బ్రాంచిలో నంబర్ మార్పించండి. పాత ఖాతా రెండేళ్లు లావాదేవీ లేక ఆగిపోయి ఉంటే కేవైసీ కాగితాలు ఇచ్చి ఉచితంగా తిరిగి నడిపించుకోవచ్చు, కొత్తది తెరవాల్సిన పని లేదు.

డిపాజిట్ ఎక్కడ వేస్తున్నారో కూడా చూసుకోండి. డీసీసీబీలో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఊరి సొసైటీలో, పరపతి సంఘాల్లో వేసే డిపాజిట్‌కు ఆ బీమా లేదు. బస్టాండు పక్కన అద్దాల ఆఫీసు పెట్టి, ‘సిబిల్ చూడం, రోజువారీ పొదుపు కట్టండి, ఆర్నెల్లకు లోన్ ఇస్తాం’ అనే క్రెడిట్ సొసైటీల దగ్గర రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, సహకార శాఖ జిల్లా ఆఫీసులో చూపించాకే రూపాయి ఇవ్వండి. పాత బాకీ ఉన్నవాళ్లనే వాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

సొసైటీకి పోయే రోజు కూడా చూసుకోవాలి. వడ్ల కొనుగోలు నెలల్లో, జూలై, ఆగస్టుల్లో యూరియా లైన్లప్పుడు, మార్చి ఆఖరులో రెన్యువల్ రద్దీలో సీఈఓ మీ లెడ్జర్ తీయడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పొద్దున పదిన్నరకు పొండి. పాత బాకీ కట్టేస్తే రసీదుతో ఆగకుండా నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. బ్యాంకులో పెట్టిన అసలు భూమి కాగితాలు లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మీకు రావాలి. డీసీసీబీకి కూడా ఇదే నిబంధన.