యూనివర్సిటీ పరిశోధన లెక్క తేల్చడం ఎలా

ఒక యూనివర్సిటీ అయిదేళ్లలో ఎన్ని పరిశోధన పత్రాలు వెలువరించిందో వెతికితే, పత్రాల వివరాలు పోగుచేసే డేటాబేస్‌లలో స్కోపస్‌లో ఒక సంఖ్య వస్తుంది, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొకటి, గూగుల్ స్కాలర్‌లో ఈ రెంటికీ పొంతన లేని మూడోది. మూడూ తప్పేమీ కాకపోవచ్చు. దేని హద్దు దానిది, అంతే. అందుకే నాణ్యత చూసే విభాగమైన ఐక్యూఏసీలోనో లైబ్రరీలోనో ఈ పని నెత్తికెత్తుకున్నవాళ్లు వెతుకులాట మొదలెట్టకముందే అయిదు సంగతులు రాసిపెట్టుకోవాలి: ఏ డేటాబేస్, ఏ క్యాలెండర్ సంవత్సరాలు, ఏ రకం రచనలు, ఉమ్మడి పత్రాలను ఎలా పంచుతున్నాం, ఏ తేదీన డేటా దించుకున్నాం. మామూలుగా ఆర్టికల్, రివ్యూ, కాన్ఫరెన్స్ పేపర్ ఉంచి, సంపాదకీయాలు, తప్పొప్పుల సవరణలు తీసేస్తారు. రెండు డేటాబేస్‌ల సంఖ్యలను మాత్రం ఎప్పుడూ కూడకూడదు. రెంటిలోనూ ఉన్న పత్రం రెండుసార్లు పడుతుంది.

స్కోపస్‌కు చందా కట్టలేని చోట, 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ అనే డేటాబేస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రచయిత ఏ సంస్థవారో చెప్పే చిరునామాల పొరపాట్లు ఎక్కువ కాబట్టి శుభ్రం చేసే పనికి అదనంగా సమయం పెట్టుకోవాలి.

పేరు దగ్గరే సగం పని

1954లో ఏర్పడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. పత్రాల్లో దాని పేరు పూర్తిగానూ ఉంటుంది, 'ఎస్.వి. యూనివర్సిటీ' అనీ, 'ఎస్‌వీయూ' అనీ ఉంటుంది. 'వేంకటేశ్వర'కు ఇంగ్లిష్ స్పెల్లింగులు నాలుగైదు. అదే ఊళ్లో వెటర్నరీ విశ్వవిద్యాలయం, వేద విశ్వవిద్యాలయం కూడా అదే స్వామి పేరు మీద ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ కింద శ్రీ వేంకటేశ్వర కాలేజీ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని గజ్రౌలాలో ఇదే పేరుతో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. ఒక్క పేరుతో వెతికితే మనవి కొన్ని జారిపోతాయి, ఇతరులవి కొన్ని వచ్చి చేరతాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుదైతే ఇంకో చిక్కు: పాత పత్రాల్లో ఊరు విశాఖపట్నం కాదు, వాల్తేరు.

కాబట్టి ముందు ఒక పట్టిక కట్టండి. ఒక నిలువు వరుసలో కనబడిన ప్రతి పేరు రూపం, పక్కన ఊరు, ఆ పక్కన 'మనది', 'కాదు', 'చూడాలి' అనే గుర్తు. అనుబంధ కాలేజీల పత్రాలు కలపాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఒక ఏడాది కలిపి, మరుసటి ఏడాది వదిలేస్తే పరిశోధన పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి మారింది లెక్కే. సంస్థలకిచ్చే ఆర్‌ఓఆర్ గుర్తింపు సంఖ్య ఉంటే దాన్నీ పట్టికలో చేర్చండి. స్కోపస్‌లో సంస్థ ప్రొఫైల్ రెండు ముక్కలుగా కనిపిస్తే కలపమని అభ్యర్థన పంపండి. కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ప్రచురణల వివరాలు కాలేజీలు నింపే ఫారంలోంచి కాక నేరుగా ఇలాంటి డేటాబేస్‌ల నుంచే తీసుకుంటుంది. యూనివర్సిటీల ర్యాంకులో పరిశోధన విభాగం వాటా 30 శాతం.

ఏ రావు, ఏ రెడ్డి?

మన పేర్లతో వచ్చే తిప్పలు పరాయి సాఫ్ట్‌వేర్‌కు అర్థం కావు. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. డేటాబేస్ మాత్రం చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో రావు, రెడ్డి, నాయుడు, కుమార్, ప్రసాద్ అనే 'ఇంటిపేర్ల' కింద వందల మంది ఒకే కుప్పగా పడతారు. ఒకే ప్రొఫెసరు మూడు రకాలుగా పేరు రాస్తే ముగ్గురవుతారు. దీనికి గట్టి మందు ఓర్కిడ్ ఒక్కటే: 16 అంకెల ఉచిత గుర్తింపు, 2012 నుంచి ఉంది. బోధన సిబ్బంది అందరిచేతా, పీహెచ్‌డీలో చేరిన రోజే విద్యార్థులచేతా తీయించండి. పత్రం పంపేటప్పుడే ఆ సంఖ్య ఇవ్వాలి. అచ్చయ్యాక అతికించడం చాలా శ్రమ.

డేటా దించుకున్నాక

డేటాబేస్ ఇచ్చిన సీఎస్‌వీ ఫైలుపై (కామాలతో విడదీసిన పట్టిక) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవకండి. 8-12 అనే పేజీ సంఖ్యలను అది తేదీగా మార్చేస్తుంది, పేర్లలోని ప్రత్యేక అక్షరాలు చెడిపోతాయి. డేటా మెనూలోంచి దిగుమతి చేసి, 65001 యూటీఎఫ్-8 ఎంచుకుని, పేజీల వరుసను టెక్స్ట్‌గా పెట్టండి. డీఓఐల (పత్రాల శాశ్వత గుర్తింపు సంఖ్యలు) ముందున్న వెబ్ చిరునామా భాగం కొట్టేసి, అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చాకే నకళ్లు ఏరండి. డీఓఐ లేనివాటికి శీర్షిక, సంవత్సరం, మొదటి పేజీ కలిపి సరిచూడాలి. ప్రీప్రింట్ (అచ్చుకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన రూపం), అచ్చయిన రూపం రెండూ ఉంటే అచ్చయినదే ఉంచండి. డిసెంబరులో ఆన్‌లైన్‌లో వచ్చి మార్చి సంచికలో చేరిన పత్రం ఏ ఏడాదిదో ముందే నియమం పెట్టుకోకపోతే రెండేళ్లలోనూ లెక్కకొస్తుంది.

ఇప్పుడు పంపకం. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై 2015లో వచ్చిన పత్రానికి 5,154 మంది రచయితలు. పూర్తి లెక్క పద్ధతిలో అందులో ఒక్కరున్న యూనివర్సిటీకీ ఒక పత్రం, దాని సైటేషన్లన్నీ (ఇతర పత్రాలు దాన్ని ఉటంకించిన సార్లు) దక్కుతాయి. భాగాల పద్ధతిలో 5,154లో ఒక వంతే వస్తుంది. రెండూ పక్కపక్కన చూపించండి. తేడా పెద్దగా ఉంటే ఆ సంస్థ సైటేషన్లు పెద్ద బృందాల పత్రాల నుంచి వస్తున్నాయని తెలుస్తుంది.

ప్రభావం కొలిచేటప్పుడు

సగటును ఒంటరిగా నమ్మవద్దు. పది పత్రాల్లో ఒకదానికి 910 సైటేషన్లు, మిగతా తొమ్మిదింటికి పదేసి అనుకోండి. సగటు 100, మధ్యగతం (వరుసలో పెడితే నడిమి విలువ) 10. ఆ సంస్థ స్థితిని ఉన్నదున్నట్టు చెప్పేది రెండోది. హెచ్-ఇండెక్స్ కూడా అంతే. 2005లో హిర్ష్ దాన్ని ఒక శాస్త్రవేత్త కోసం ప్రతిపాదించాడు. ఆరు పత్రాలకు 25, 12, 9, 5, 4, 1 సైటేషన్లున్న వ్యక్తి హెచ్-ఇండెక్స్ 4: నాలుగు పత్రాలకు కనీసం నాలుగేసి సైటేషన్లున్నాయి, అయిదింటికి అయిదేసి లేవు. యూనివర్సిటీకి వేస్తే వయసు, సిబ్బంది సంఖ్య ఎక్కువున్నదే గెలుస్తుంది.

శాఖలను పోల్చాలంటే రంగం సగటుతో భాగించాలి. గణితంలో అదే ఏడాది, అదే రకం పత్రాల సగటు 3 అయినప్పుడు 6 సైటేషన్లు తెచ్చుకున్న పత్రం విలువ 2. జీవశాస్త్రంలో సగటు 25 ఉంటే 20 వచ్చిన పత్రం విలువ 0.8. స్కోపస్‌లో ఎఫ్‌డబ్ల్యూసీఐ అనే కొలమానం చేసేది ఇదే, 1 అంటే ప్రపంచ సగటు. తక్కువ పత్రాలున్న శాఖకు మాత్రం ఇది వాడకండి, ఒక్క పత్రంతో తలకిందులవుతుంది.

డీఓఐల జాబితాను, ఉపసంహరించిన పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో సరిచూడండి. 2023లో డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ తీసుకున్నాక అది అందరికీ ఉచితం. ఉపసంహరించిన పత్రాలను మొత్తంలోంచి తీసి, విడిగా చూపించాలి, దాచకూడదు.

డేటాబేస్‌కు కనిపించనివి

తెలుగు శాఖలో వచ్చిన విమర్శ గ్రంథం, శాసన పరిష్కరణ, నిఘంటువు స్కోపస్‌లో దాదాపు ఉండవు. ఆ శాఖకు సున్నా వేసి నివేదిక పంపడం అన్యాయం, పైగా తప్పు. వాళ్ల పుస్తకాలు, పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉన్న సిద్ధాంత గ్రంథాలు, పాఠ్యాంశాలుగా పెట్టిన చోట్లు వేరే పట్టికగా ఇవ్వండి.

వ్యవసాయంలోనూ ఇదే సంగతి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, ఎన్ని కంచాల్లోకి చేరిందో ఏ సైటేషనూ చెప్పదు. దాని ప్రభావానికి ఆధారాలు బ్రీడర్ విత్తనం (మూల విత్తనం) కోసం వచ్చిన ఇండెంట్లు, సాగు విస్తీర్ణం, దాన్ని తల్లిగానో తండ్రిగానో వాడి తీసిన కొత్త రకాలు. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి వాటిలో ఒకటి. పేటెంట్లయితే దాఖలు, ప్రచురణ, మంజూరు మూడు వేర్వేరు గడుల్లో ఉండాలి, ఒకే పేటెంటును మూడుగా చూపే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

చివరిగా, పట్టిక కట్టడంలో పాలుపంచుకోని ఒకరికి యాదృచ్ఛికంగా తీసిన 50 వరుసలిచ్చి అసలు పత్రాల చిరునామాతో సరిచూడమనండి. మూడు కంటే ఎక్కువ తప్పులు దొరికితే నివేదిక ఆపి, మళ్లీ పేర్ల పట్టిక దగ్గరికి వెళ్లండి.