వీధిలో చెత్త, పొంగే మురుగు, వెలగని లైటు: దరఖాస్తు ఎలా ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి

వీధి మలుపులో చెత్తకుప్ప, దాని పక్కనే మూత లేని మ్యాన్‌హోల్, పైన ఎన్నాళ్లుగానో వెలగని లైటు. చాలామంది ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసి, "మా కాలనీ సమస్యలు పరిష్కరించగలరు" అని సంతకాలు పెట్టి ఇచ్చి వస్తారు. పని జరగకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. చెత్త పారిశుద్ధ్య విభాగం చూసుకుంటుంది, మురుగుకాలువ ఇంజినీరింగ్ విభాగం కిందికి వస్తుంది, లైట్లు చూసేవాళ్లు వేరే. మూడూ కలిపి రాసిన కాగితాన్ని ఎవరికి వారు పక్కవాళ్లదనుకుంటారు. అందుకే ఒక సమస్యకు ఒక దరఖాస్తు రాయండి. కాగితాలు ఎక్కువైనా ఫరవాలేదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అయితే మీ వార్డు సచివాలయం. అక్కడ పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, రోడ్లు, లైట్ల వంటి వసతులకు మరో కార్యదర్శి ఉంటారు. తెలంగాణలో మున్సిపల్ ఆఫీసు, పల్లెల్లో అయితే రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ కార్యదర్శి. హైదరాబాద్‌లో మురుగు పొంగితే మాత్రం నీళ్లు, మురుగు చూసే జలమండలికి చెప్పాలి, వాళ్ల నంబరు 155313. తెగి వేలాడుతున్న కరెంటు తీగ కనిపిస్తే దరఖాస్తు రాస్తూ కూర్చోవద్దు. ఎవరూ దగ్గరికి పోకుండా చూసి, వెంటనే 1912కు ఫోన్ చేయండి.

మ్యాన్‌హోల్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మున్సిపాలిటీ ఆలస్యం చేస్తోందని ఎవరినో పిలిపించి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి లోపలికి దింపకండి. లోపలి విషవాయువుకు క్షణాల్లో ప్రాణం పోతుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. దింపించిన కాలనీవాళ్లకూ అది వర్తిస్తుంది. సెప్టిక్ ట్యాంకు, మురుగు శుభ్రతకు 14420 అనే హెల్ప్‌లైన్ ఉంది.

ఫోన్‌లో చేసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛతా యాప్ వాడొచ్చు. చెత్తకుప్ప, చెత్తబండి రాకపోవడం, ఊడవకపోవడం, చచ్చిన జంతువులు, పబ్లిక్ టాయిలెట్ల శుభ్రత వంటివి ఇందులో పెట్టొచ్చు. ఫొటో తీసి, లొకేషన్ ఆన్ చేసి పంపితే చాలు. ఫొటోలో చెత్త ఒక్కటే నిండుగా కనబడితే అది ఏ వీధిదో చూసేవాళ్లకు తెలియదు. పక్కనున్న స్తంభమో, ఇంటి గేటో, గోడ మీద డోర్ నంబరో ఫ్రేములోకి వచ్చేలా నాలుగడుగులు వెనక్కి జరిగి తీయండి.

యాప్ ఉన్నా కాగితం కూడా ఇవ్వమనే నా సలహా. కాగితానికి ఇన్‌వార్డ్ నంబర్, అంటే ఆఫీసు రిజిస్టరులో నమోదు చేసిన నంబరు పడుతుంది, తర్వాత జరగాల్సినదంతా ఆ నంబరు మీదే నడుస్తుంది. రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధి, డోర్ నంబరు ఫలానా ఎదురుగా ఉన్న స్తంభం మీద వీధిలైటు వెలగకపోవడం గురించి. ఆర్యా, పై లైటు ఫలానా తేదీ నుంచి వెలగడం లేదు. రాత్రిపూట ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, డ్యూటీల నుంచి వచ్చే ఆడవాళ్లు చీకట్లో నడవాల్సి వస్తోంది. దయచేసి మరమ్మతు చేయించి, తీసుకున్న చర్యను నాకు తెలియజేయగలరు."

కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు. స్తంభం మీద నంబరు రాసి ఉంటే అది తప్పకుండా వేయండి. లైన్‌మన్ దాన్ని బట్టి నేరుగా అక్కడికే వస్తాడు. ఇరుగుపొరుగు సంతకాలు ఉంటే బలమే కానీ, వాటికోసం వారాలు ఆగకండి. ఒక్కరు ఇచ్చినా దరఖాస్తు దరఖాస్తే. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకోండి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే మర్యాదగానే అడగండి, వేయించుకున్నాకే బయటికి రండి.

ఖాళీ ప్లాట్ల విషయం కొంచెం వేరు. యజమాని ఎక్కడో ఉంటాడు, ఇక్కడ ముళ్లకంపలు, చెత్త, పాములు. యజమానికి నోటీసు ఇచ్చి శుభ్రం చేయించమని మున్సిపాలిటీని కోరాలి. యజమాని పేరు తెలియకపోయినా పర్లేదు, అటూ ఇటూ ఉన్న ఇళ్ల డోర్ నంబర్లు రాస్తే స్థలం గుర్తుపడతారు.

కదలిక లేకపోతే

సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో అది ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక). పాత ఇన్‌వార్డ్ నంబరు అర్జీ పైనే కనిపించేలా రాయండి.

అయినా జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెలుగులోనే రాయొచ్చు, మున్సిపల్ ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్న పేద కుటుంబాలకు అదీ లేదు. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఈ చట్టం ఇచ్చేది రికార్డునే, సంజాయిషీని కాదు. ఫలానా నంబరు దరఖాస్తు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో ఆ ఫైలు నకలు, మా వీధి పారిశుద్ధ్య సిబ్బంది హాజరు పట్టీ నకలు, అని అడగండి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఆరోగ్యానికే ముప్పు తెచ్చే మురుగు, కుళ్లు అయితే ఆర్డీవోకు అర్జీ పెట్టే దారి కూడా ఉంది. క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆయన ఆదేశించవచ్చు. 2024 జులై 1 ముందు ఇదే అధికారం దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీ 133వ సెక్షన్‌లో ఉండేది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం వాసులు తమ వీధుల మురుగుకాలువల మీద దాన్నే వాడుకున్నారు. మా దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిధులు లేవన్న సాకు చెల్లదని 1980లో కోర్టు తేల్చి చెప్పింది.

ఈ అర్జీకి స్టాంపు పడిన కాపీలు, తేదీలతో ఫొటోలు, ఎవరికైనా జబ్బు చేసి ఉంటే డాక్టర్ చీటీ జత చేయండి. అన్నీ జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి.