ఎండలు ముదరకముందే స్లాబుకు, తలుపు కిటికీల సందులకు చేయించాల్సిన పనులు

ఉగాది దాటితే వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు మధ్యాహ్నం స్లాబు మీద ఒట్టి కాళ్లతో నిలబడలేం. మేస్త్రీని పెట్టుకుని సొంతంగా ఇల్లు కట్టుకున్నవాళ్లు వేడిని ఆపే పనులన్నీ శివరాత్రికి, ఉగాదికి మధ్యే ముగించుకోవాలి. ముదిరిన ఎండలో గచ్చు వేస్తే తడి నిలవక నెర్రెలిస్తుంది. వానాకాలంలో నీళ్లు దిగేది ఆ నెర్రెల్లోంచే.

ముందు స్లాబు సంగతి చూడండి. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. అందుకే లోపల ఫాల్స్ సీలింగ్ కొట్టించడం కన్నా పైన పొర వేయించడం మేలు. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురగ పలక) వేడిని ఆపడంలో రెండు మీటర్ల మందం కాంక్రీటును మించుతుంది. కానీ పని వరస తప్పితే డబ్బులు దండగ. నెర్రెలు పూడ్చాలి, వాటర్‌ప్రూఫింగ్ వేయాలి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ రాలేదని చూసుకోవాలి. ఆ తర్వాతే షీటు. అతుకుల మీద టేపు వేసి, పైన చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) పరిచి రెండంగుళాల గచ్చు పోయించండి. నీళ్ల గొట్టం వైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాలి, వారం రోజులు తడపాలి. ఈ గచ్చుతో చదరపు మీటరుకు వంద కిలోలకు పైనే బరువు పెరుగుతుంది కాబట్టి పాత స్లాబైతే ఇంజనీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

అంత ఖర్చు వీలుకాకపోతే తెల్ల సున్నం రెండు పూతలు వేయించినా తేడా తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఎండను తిప్పికొట్టే పైకప్పు గురించే. సున్నం వానకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. మధ్యలో దుమ్ము పేరుకుంటే కడగండి, మురికిపట్టిన తెలుపు ఎండను ఆపదు. థర్మాకోల్‌ను మాత్రం గది లోపల కప్పుకు అతికించొద్దు, నిప్పు తగిలితే గబుక్కున అంటుకుంటుంది.

ఇక వేడి గాలి దూరే సందులు. మూడడుగుల తలుపు కింద ఒక సెంటీమీటరు సందు ఉందంటే గోడకు నాలుగంగుళాల గొట్టమంత బొక్క పెట్టినట్టే. సందులెక్కడున్నాయో అగరుబత్తి చెబుతుంది. గ్యాసు గీజరు, పొయ్యి ఆపి, తలుపులన్నీ మూసి, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఆ బాత్రూం తలుపు మాత్రం తెరిచి ఉంచండి. వెలిగించిన బత్తిని కిటికీల అంచుల వెంట మెల్లగా జరపండి. పొగ లోపలికి వంగినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఎక్కువగా దొరికేవి చౌకట్టుకూ గోడకూ మధ్య, ఏసీ పైపు బొక్క చుట్టూ, స్లైడింగ్ కిటికీ రెండు రెక్కలు కలిసేచోట.

చౌకట్టు సందును ముందు కొద్దిగా తడిపి, పీయూ ఫోమ్ (డబ్బాలోంచి కొట్టే నురగ) సగానికి కాస్త పైదాకానే నింపాలి. అది ఉబ్బుతుంది. నిండా కొడితే చౌకట్టు వంగి తలుపు పట్టేస్తుంది. ఆరాక మిగులు కోసి పైన సిమెంటు పూయాలి, ఎండ తగిలితే ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. స్లైడింగ్ కిటికీలో అరిగిన బ్రష్ పట్టీ మార్చినా గాలి పూర్తిగా ఆగదు. కొత్తగా పెట్టించేవాళ్లు రబ్బరు గ్యాస్కెట్ ఉన్న రెక్క కిటికీలే తీసుకోండి. పడమటి కిటికీకి లోపలి కర్టెన్ కన్నా బయట చాప కట్టడమే నయం, ఎండ అద్దం దాకా రానే రాదు.

ఇలా సందులు మూసి బిగించాల్సింది ఏసీ గదినే. కూలరు గదికి ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే తడి గాలి బయటికి పోక ఉక్కపోస్తుంది. ఏసీ గది తలుపైనా పడుకునే ముందు పదినిమిషాలు తెరిచి గాలి మార్చండి. వంటింటిని అసలు బిగించొద్దు. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది, అందుకే సిలిండరు దగ్గర కింది జాలీ మూయకూడదు. గ్యాసు గీజరున్న బాత్రూం వెంటిలేటరుకు అట్టముక్క కూడా అడ్డం పెట్టొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, స్నానం చేస్తున్న మనిషి తెలియకుండానే పడిపోతారు. వీలైతే ఆ గీజరును బాత్రూం బయటి గోడకు మార్పించండి.