నిజకథకు స్క్రీన్‌ప్లే – 6వ పాఠం: వాంగ్మూలంలోంచి ప్రశ్నను బయటికి లాగడం

కిందటి పాఠంలో హిట్లర్‌ని ఎదిరించిన జర్మన్ విద్యార్థిని సోఫీ షోల్ చివరి రోజులకి వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీనుకి ఒక్కో లైను చొప్పున వరస) వేసుకున్నాం. 1943 ఫిబ్రవరి 18 ఉదయం మ్యూనిక్ యూనివర్సిటీలో అన్న హాన్స్‌తో కలిసి నాజీ వ్యతిరేక కరపత్రాలు పెట్టడం, అక్కడే పట్టుబడటం. 22న పొద్దున కోర్టు, అదే సాయంత్రం గిలటిన్ కింద తల నరికివేత. ఆమెకి 21 ఏళ్లు. ఈ రెండింటి మధ్య గెస్టపో (నాజీల రహస్య పోలీసు) విచారణ గది ఉంది, ఇవాళ్టి పని దాంట్లోనే. ఒక బల్ల, అటూ ఇటూ ఇద్దరు (సోఫీ, విచారణాధికారి రాబర్ట్ మోర్), పక్కన టైపు మిషను.

ఆమె కథతో 2005లో మార్క్ రోటెముండ్ తీసిన జర్మన్ సినిమా బరువంతా ఈ గది మీదే నిలబడింది. రచయిత ఫ్రెడ్ బ్రైనర్స్‌డోర్ఫర్‌కి ఆధారం అసలు విచారణ పత్రాలు. తూర్పు జర్మనీలో దాగి ఉండిపోయిన ఆ కాగితాలు 1990 తర్వాత గానీ బయటపడలేదు.

పత్రం చేతికొస్తే డైలాగులు రాసేసినట్టే అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం. వాంగ్మూలంలో చాలామటుకు ప్రశ్నలు ఉండవు. నిందితురాలు ‘నేను ఫలానా చోటికి వెళ్లాను, ఫలానా పని చేశాను’ అంటూ తనంతట తానే ఏకరువు పెట్టినట్టు ఉంటుంది. (మన స్టేషన్లలో రాసే స్టేట్‌మెంట్లు చదివినవాళ్లకి ఈ తీరు కొత్తేమీ కాదు.) మాట ఆమెది, వాక్యం వాళ్లది. అడిగినవాడి ఎత్తుగడ, ఆమె తడబడిన క్షణం టైపులో రాలిపోతాయి. ఉన్నది ఉన్నట్టు నటి నోట పెడితే పాఠం ఒప్పజెప్పినట్టే వినిపిస్తుంది.

కాగితాన్ని నిలువునా మధ్యకి మడవండి. ఎడమవైపు వాంగ్మూలంలోని ఒకే ఒక్క వాక్యం. కుడివైపు రెండు సంగతులు: ఏం అడిగితే ఈ మాట వచ్చింది? ఈ మాటతో ఆమె ఏం దాస్తోంది? రెండోదానికి జవాబు దొరక్కపోతే ఆ వాక్యం సీనుకి పనికిరాదు, కొట్టేయండి.

సూట్‌కేసు సంగతి చూద్దాం. కరపత్రాలు తెచ్చింది అందులోనే, పట్టుబడేటప్పటికి అది ఖాళీ. ఉల్మ్‌లో అమ్మానాన్నల ఇంటికి వెళ్లి, ఉతికిన బట్టలు తెచ్చుకోవడానికని ఆమె చెప్పింది. ఎడమవైపు ఇంతే. కుడివైపు, అభ్యాసం కోసం మనం అల్లుకున్నది:

మోర్: ఎన్ని జతలు తెద్దామని?
సోఫీ: అమ్మ ఎన్ని ఉతికి ఉంచితే అన్ని.
మోర్: (టైపిస్టుతో) అదే రాయండి.

‘ఎన్ని జతలు’ వినడానికి చప్పగా ఉంటుంది. కానీ అంకె చెబితే రేపు దాన్ని ఇంకొకరి మాటతో సరిచూస్తాడు. అందుకే ఆమె లెక్కని అమ్మ మీదికి తోసింది. ఇల్లు ఉల్మ్‌లో ఉండటం నిజమే కనక అబద్ధం నిలబడింది. మొదటి గంటల్లో రాబర్ట్ మోర్ ఆమెని నమ్మాడు కూడా. ఇది వదులుకోకండి. విచారణాధికారిని మొదటి షాటులోనే రాక్షసుణ్ణి చేస్తే, బయటపడుతుందేమోనన్న ఆశ ప్రేక్షకుడికి పుట్టదు. ఆశ లేనిచోట ఉత్కంఠ ఎక్కణ్ణుంచి వస్తుంది?

సంబోధన జాగ్రత్త. జర్మన్‌లో వాళ్లిద్దరి మధ్య నడిచేది మన ‘మీరు’ లాంటి పిలుపు. పోలీసు పాత్ర రాయగానే మన కలం ‘ఏయ్’ అంటుంది, ‘నువ్వు’లోకి జారుతుంది. జారనివ్వకండి. చావు దాకా తీసుకెళ్లే మర్యాద అది. గొంతు కూడా పెంచొద్దు. అరుపులన్నీ వచ్చే పాఠంలో జడ్జి ఫ్రైస్లర్‌కి కావాలి, ఇక్కడే ఖర్చుపెడితే అక్కడ మిగలవు.

రెండు గంటల సినిమాకి 120 పేజీలనుకుంటే, ఈ గదికి 30 దాకా ఇవ్వొచ్చు, ఒక్క బిగిన కాదు. ఏడెనిమిది పేజీలకోసారి సెల్లులోకి పంపండి. ప్రతి విడతలో ఒకటి మారాలి. మొదట నమ్మకం. తర్వాత అన్నాచెల్లెళ్లు ఉండే చోట సోదా, వాడని తపాలా బిళ్లలు, హాన్స్ దగ్గర దొరికిన, వాళ్ల మిత్రుడు క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్ చేత్తో రాసిన కరపత్రం చిత్తుప్రతి. మూడోది ఒప్పుకోలు. చాలామంది ఇక్కడితో సీను అయిపోయిందనుకుని ఆమె చేత ఉపన్యాసం చెప్పిస్తారు. కానీ ఒప్పుకున్నాక ఆమె దాపరికం ఆగలేదు, దారి మళ్లింది. అంతకుముందు తన కోసం, ఇప్పుడు మిగతావాళ్ల కోసం: అంతా నేనూ అన్నా కలిసే చేశామంటుంది. ప్రోబ్స్ట్‌కి ముగ్గురు చిన్నపిల్లలు. ఆ సంగతి ఆమెకి తెలుసు, మన ప్రేక్షకుడికి అంతకుముందే తెలిసుండాలి.

నాలుగో విడత, తప్పు ఒప్పుకుని బయటపడమన్న ఎర. ఇక్కడ మాత్రం ప్రశ్న కూడా రికార్డులోనే ఉంది. తన ప్రజల కోసం చేయగలిగిన మేలే చేశానని, పశ్చాత్తాపం లేదని, వచ్చేది భరిస్తానని ఆమె జవాబు. దీనికి మెరుగులు దిద్దకండి. ఆ ముక్క పలికాక మ్యూజిక్ కూడా వద్దు, టైపు మిషను చప్పుడు చాలు.

అభ్యాసం: సూట్‌కేసు సీనుని ఒక పేజీకి పెంచండి, మోర్‌కి ఆరు ప్రశ్నలు దాటకుండా. రాశాక సోఫీ మాటల్ని అరచేత్తో మూసి, ప్రశ్నలు మాత్రం పైకి చదవండి. జవాబులు ముందే తట్టేస్తుంటే ప్రశ్నలు మార్చి మళ్లీ రాయండి.